‘శాడ్’ అనే మాటకు పన్నెండు మెట్లు

ఆ రోజుల్లో ఇంగ్లీషు మాటలను బరువు ప్రకారం వరుసగా పేర్చినందుకు నెలనెలా జీతం ఇచ్చేవాళ్ళు ఉండేవారంటే, ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలు నమ్మరు. ఆ పనంతా ఇప్పుడు యంత్రమే చేసి పెడుతుంది, పైగా చేశానని చెప్పుకోదు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు అదే ఉద్యోగం. పాండిచ్చేరిలో, సారం అనే పేటలో ఒక మందుల దుకాణం పైన, మొదటి అంతస్తులో, విదేశాల వాళ్ళ పుస్తకాలు దిద్దిపెట్టే చిన్న కంపెనీ ఉండేది. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం ఇంటర్నెట్‌లో ఒక పర్యాయపదాల నిఘంటువు తయారవుతోందని, అందులో కొంత భాగం మాకు వచ్చిందని చెప్పారు. మాలో ఒక్కొక్కరికి ఒక మామూలు మాట ఇస్తారు. దానికి దగ్గర అర్థం ఉన్న పన్నెండు మాటలు ఏరి, తేలికైనది కింద, బరువైనది పైన వచ్చేటట్టు మెట్లుగా పేర్చాలి. ఒక్కో మెట్టుకు ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యంలోంచి ఆ మాట తీసేసి పక్క మెట్టు మాట పెడితే అది అక్కడ ఇమడకూడదు. అదీ నియమం. నెలాఖరుకు మెట్లు సరిగ్గా వస్తే ఉద్యోగం ఖాయం, రాకపోతే ఇంకో ఆరు నెలలు ప్రొబేషన్.

మా టీమ్ లీడర్‌ని మేమంతా చాటుగా కామా సార్ అనేవాళ్ళం. తన పుట్టినరోజు కేకు మీద పేరుకు ముందు కామా లేదని, దుకాణానికి ఫోన్ చేసి క్రీముతో పెట్టించుకున్న మనిషి. ఆయన మాటలు పంచిన రోజు నాకు బాగా గుర్తు. (నాకు గుర్తుండనివి తక్కువ. మూడో తరగతిలో నా లెక్కల నోటు మీద కూచున్న పిల్ల ఇప్పుడు లాస్‌పేటలో ఉంటోంది. ఎదురుపడితే ఎంతో ప్రేమగా మాట్లాడుతుంది. నేనూ మాట్లాడతాను. నోటు సంగతి మాత్రం మరిచిపోలేదు.) మొదటి కుర్చీ అమ్మాయికి ‘బిగ్’ ఇచ్చారు. రెండో కుర్చీ అమ్మాయికి, చేరేటప్పటి పరీక్షలో నాకంటే తక్కువ మార్కులు వచ్చినావిడకి, ‘నైస్’. నాలుగో కుర్చీ అతనికి ‘వాక్’. మూడో కుర్చీ నాది. నాకు ‘శాడ్’. మా తాత పోయి, పద్దెనిమిది రోజులు సెలవు పెట్టి, తిరిగి ఆఫీసుకు వచ్చిన రెండో రోజు అది.

“నాకే ఎందుకు సార్ ఈ మాట?” అని అడిగాను.

“అక్షరక్రమం. బి, ఎన్, ఎస్, డబ్ల్యూ. నువ్వు మూడో కుర్చీలో కూచున్నావు. పర్సనల్‌గా తీసుకోవద్దు” అన్నాడాయన తల ఎత్తకుండానే. పర్సనల్‌గా తీసుకోకుండా ఏదైనా తీసుకోవడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

మాది ఉప్పళంలో గాజుల అంగడి. తాతల ముత్తాతల నాడు గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరూ తిరుగుతూ వచ్చి పాండిలో నిలిచిపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బయట తమిళం. తెలుగు చదవడం, రాయడం మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. (అది కూడా ఒక పెళ్ళిలో నెల్లూరి నుంచి వచ్చినావిడ “మీరు మాట్లాడేది తెలుగేనా?” అని నవ్వినందుకు, పంతం పట్టి నేర్చుకున్నాను. ఆవిడ పోయి చాలా కాలమైంది. నా పంతం ఇంకా ఉంది.) అంగడికి పేరు తాతది, పని అవ్వది. తాత వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ, “రాండమ్మా, రాండి” అనేవాడు. ఆ తర్వాత అంతా అవ్వే. వచ్చినామె చెయ్యి పట్టుకుని వేళ్ళ కణుపుల దగ్గర ఒక్కసారి పిండితే చాలు, కొలత తెలిసిపోయేది. రంగు అడిగేది కాదు. మొహం చూసి, చీర చూసి, పెట్టెల్లోంచి ఒక పచ్చ తీసేది. పచ్చల్లోనే పదకొండు రకాలు ఉండేవి మా అంగట్లో. నాకు అన్నీ ఒకటే పచ్చ. అవ్వకు ఏ రెండూ ఒకటి కాదు.

తాత పోయిన పదో నాడు, యాభై ఏళ్ళుగా ఊరందరికీ గాజులు తొడిగిన చేతుల నుంచి గాజులు తీసేశారు. అవ్వ ఏడవలేదు. “నిదానంగా తియ్యండి, గుచ్చుకుంటాది మీకు” అని తీసేవాళ్ళకే జాగ్రత్త చెప్పింది. పదహారో నాటి కర్మ అయిన మర్నాడు పొద్దున తొమ్మిదికి అంగడి తెరిచింది. ఇంకేం, బంధువుల నోళ్ళు కూడా తెరుచుకున్నాయి. అందరికంటే ముందు తాత చెల్లెలు. నాకు చిన్నవ్వ. చావింట్లో ఎవరు ఎన్నిసార్లు కాఫీ తాగారో చెప్పగల మనిషి కాబట్టి, నేను మనసులో ఆమెకు కాఫీ చిన్నవ్వ అని పేరు పెట్టుకున్నాను. ఆమె మా నాన్నను కూచోబెట్టి నా ముందే అంది: “రేయ్, మీయమ్మ వేళకి దింటా ఉండాది, అంగడికి పోతా ఉండాది. మా అన్న పోయిన బాధ దానికి యాడుండాది చెప్పు? బొట్టు తీసేసినామె గాజులంగట్లో కూచుంటే ఎవురొస్తారు? మూసెయ్యమని చెప్పు.”

నాన్న ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. బయటికి వచ్చి నాతో అన్నాడు: “పాపా, నువ్వు సాయంకాలం ఆఫీసు నుంచి నేరుగా అంగడికే పో. అవ్వ తోడు కూచో. ఎట్లుండాదో చూసి నాకు చెప్పు. మనసు బాగలేకుంటే మీ అత్త ఇంటికి నేనే తీసకపోతా. బాగుంటే అంగడి దానికి ఉండనీ.” అంటే, అవ్వ బాధ ఎంతో తూచి చెప్పే పని నాది. పగలు ఆఫీసులో కూడా అదే పని.

ఆఫీసు పని నడవలేదు. నిఘంటువులు నాలుగు ముందేసుకున్నాను. ప్రతి మాటకూ అర్థం ‘శాడ్’ అనే రాసి ఉండేది. నేను రాసిన వాక్యాలన్నీ కామా సార్ ఎర్ర సిరాతో తిప్పి పంపేవాడు. ‘వాన పడింది, అతను గ్లూమీగా ఉన్నాడు’ అన్న అర్థం వచ్చే వాక్యం పక్కన, “ఇక్కడ మిజరబుల్ కూడా ఇముడుతుంది. వాన సరిపోదు. ఇంకా ఏదైనా జరగాలి” అని రాశాడు. మొన్న మొన్ననే మా ఇంట్లో జరిగింది చాలదా అని అడగాలనిపించింది. అడగలేదు. రాసి పెట్టుకున్నాను.

అలా ఒక సాయంకాలం పన్నెండు మాటలు పన్నెండు అట్టముక్కల మీద రాసుకుని అంగడికి వెళ్ళాను. అదే సమయానికి మాకు ముప్పై ఏళ్ళ వాడుక ఉన్న ఒకావిడ కడుపుతో ఏడో నెలలో ఉన్న కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. కూతురికి గాజుల వేడుక. మాలో ఆ రోజు మొదటి జత తొడగడం గాజులమ్మే మనిషి చేత్తోనే. ఆ తల్లికీ ఒకప్పుడు అవ్వే తొడిగింది. ఆవిడ పెట్టెలు చూసింది, అవ్వ బోసి చేతులు చూసింది, నన్ను చూసింది. “అమ్మా, ఏమీ అనుకోవద్దు… పాప తొడిగితే కూడా పరవాలేదు. కన్నెపిల్ల గదా, మంచిదే” అంది.

“దానికేముండాది తల్లీ, పాప తొడగతాది” అని అవ్వ నవ్వి పక్కకు జరిగింది.

నాకు గాజులు తొడగడం రాదు. కోపంలో అసలు రాదు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని మొదటి గాజు ఎక్కిస్తే కణుపు దగ్గర టప్పున విరిగింది. రెండోదీ అంతే. ఎక్కడ శుభానికి లోటు వస్తుందోనని అవ్వను పక్కన పెట్టిన ఆ తల్లి మొహం పాలిపోయింది. అవ్వ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూచున్నచోటి నుంచే చెప్తోంది: “ఎముక్కాదు, కండ పిండు. బొటనేలు లోపలికి మడువు. అట్ల గాదు, దాన్ని చంపతావా ఏంది.” మూడో గాజు కూడా విరిగాక ఆ అమ్మాయే, “అవ్వా, మీరు మాటతోనే తొడగండి, ఈ అక్క చెయ్యి ఊరికే అడ్డం ఉంచుతాది” అంది. నవ్వకుండా ఉండలేకపోయాం, ఆ తల్లి కూడా. అవ్వ చెప్పినట్టు మిల్లీమీటరు మిల్లీమీటరుగా ఎక్కించాను. వాళ్ళు వెళ్ళాక నేను ఆ తల్లిని తిట్టడం మొదలుపెడితే అవ్వ గాజుముక్కలు కాగితంలోకి ఎత్తుతూ, “సుమ్మా ఉండు పాపా, ఊరుకో. వాళ్ళ బిడ్డ, వాళ్ళ భయం” అంది.

ఆ తర్వాత ఒక్కరూ రాలేదు. పని లేక అట్టముక్కలు గాజుపెట్టెల మీద పరిచాను. అదేందని అవ్వ అడిగితే చెప్పాను: అన్నీ బాధ అనే అర్థమే, మన పచ్చ గాజుల్లాగా ఏది లేతదో ఏది ముదురుదో పేర్చాలని. అవ్వకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా కళ్ళు మెరిశాయి. వరస పేర్చే పని కదా. “మాట చెప్పబాక, నాకేం తెలస్తాది. మనిషిని చెప్పు. ఎవురుకి ఏమైంది, ఎట్ల కూచోనుండాడు, అది చెప్పు” అంది. సరే, ఒక్కో మాటకూ ఒక మనిషిని కల్పించి చెప్పడం మొదలుపెట్టాను. ప్రతి మనిషికీ అవ్వ అడిగింది ఒకే ప్రశ్న: “వాడు అన్నం దింటాడా?”

గ్లమ్ అంటే మూతి ముడుచుకుని, అడిగితే ఉలకనివాడు. “దింటాడు. ఉప్పు తక్కువని అరస్తాడు గూడా. అడుగున పెట్టు.” డిజెక్టెడ్ అంటే అనుకున్న పని చెడి చతికిలబడ్డవాడు. “పిలస్తే వచ్చి దింటాడు. రెండుసార్లు పిలవాల.” గ్లూమీ అంటే తను ఉన్నచోటంతా చీకటి చేసేవాడు. “వీడు దింటాడు, పక్కనోళ్ళు దినరు.” మెలాంకలీ దగ్గర నాకే తడబాటు వచ్చింది. కారణం లేకుండా కిటికీలోంచి చూస్తూ దిగులుపడేవాడు, ఆ దిగులు వాడికి కొంచెం ఇష్టం కూడా అన్నాను. అవ్వ వెంటనే, “ఇది దినినాక వస్తాది” అంది. మిజరబుల్: “దినడు. దినలేదని వీధంతా చెప్తాడు.” హార్ట్‌బ్రోకెన్ అంటే గుండె పగిలినట్టు ఏడ్చేవాడు. “పాపం, దినడు, పండుకోడు. నాలుగు దినాలు. అయిదో దినం ఎవురో నోట్లో పెడతారు, దింటాడు. ఏడ్చినాడు గదా, ఆకలేస్తాది.”

రెండు వారాలుగా ఎర్ర సిరాలో కొట్టుకుపోతున్న నాకు ఒక్క గంటలో పదకొండు మెట్లు కుదిరాయి. చివరగా ఒక ముక్క మిగిలింది. బెరెఫ్ట్. ఎలా చెప్పాలో తెలియక, “ఒక మనిషి దగ్గర ఏదో ఉన్నింది అవ్వా. దాన్ని ఎవురో తీసేసుకున్నారు. ఆ చోటు అట్లనే ఖాళీగా ఉండాది. అట్లాంటి మనిషి” అన్నాను.

అవ్వ ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది. చదవలేని అక్షరాలను కాసేపు చూసింది. “వీడు వేళకి దింటాడు” అంది.

“అదెట్లా అవ్వా?”

“దింటాడు పాపా. ఆకలుండి గాదు. దినకుంటే అందురూ చుట్టూ చేరి దిను దిను అంటారు గదా, దానికి దింటాడు. తొమ్మిదికి అంగడి తెరస్తాడు. ఎవురన్నా వస్తే నవ్వతాడు. ఏడవమంటే గూడా రాదు వానికి. యాడ మొదులు పెట్టేది?” ముక్కను తీసుకెళ్ళి అన్నిటికంటే పైన, హార్ట్‌బ్రోకెన్ మీద పెట్టింది. “ఇది ఇంతే. దీని పైన ఏం లేదు.”

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. వాదన అంటే నాకు అన్నంతో సమానం. పైగా ఆ రోజు మూడు గాజులు విరిగిన అవమానం ఒకటి. పదకొండు మెట్లూ నాకు రాక ముసలామె పేర్చిందన్న ఉడుకు ఇంకొకటి. చివరిదైనా నాది కావాలి. “అవ్వా, నీకు తెలీదులే. వేళకి దిని, నవ్వి, యాపారం జేసుకునేవానికి బాధ యాడుండాది?” అని ఆ ముక్కను తీసి కింద, గ్లమ్ పక్కన, రెండో మెట్టుగా పెట్టాను.

అవ్వ నా మొహం చూసింది. ఎంతసేపో కాదు, కొలత కోసం చెయ్యి పిండి వదిలేటంతసేపు. “అదీ నిజమేలే. నువ్వు చదువుకున్నదానివి” అని లేచి, తుడిచిన పెట్టెల అద్దాలనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న అడిగాడు, అవ్వ ఎట్లుండాదని. “బాగుండాది నాయినా. వేళకి దింటా ఉండాది” అన్నాను. నాన్న మొహం తేలికపడింది. చిన్నవ్వకు ఫోన్ చేసి, జన్మలో మొదటిసారి గట్టిగా, “అమ్మ బాగుండాది, అంగడి ఉంటాది” అన్నాడు. అంగడి నిలిచింది. నేను గెలిపించాననే అనుకున్నాను. అవ్వ ఎలా ఉందని ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేదని చెప్పింది నేనే కదా.

ఆఫీసులోనూ గెలిచాను. కామా సార్ పన్నెండు మెట్లూ చూసి, వాక్యాలు చూసి, రెండో మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, “వేళకి తింటున్నాడుగా, తేలికే” అని ఎర్ర పెన్ను మూత పెట్టేశాడు. “అన్నం మీద పెట్టావే అన్నీ, బాగుంది. తిండికి లొంగని భాష లేదు” అన్నాడు. అవ్వ పేరు చెప్పలేదు నేను. (ఒకరి పని తమదని చెప్పుకునేవాళ్ళది అప్పటికే నా దగ్గర ఒక జాబితా ఉంది.) ఉద్యోగం ఖాయమైంది. ‘నైస్’ ఆవిడకి ఆరు నెలలు పొడిగించారు. సంతోషించాను, దాచడం ఎందుకు.

అవ్వ ఇంకో నాలుగేళ్ళు అంగట్లో కూచుంది. మెల్లగా జనం తిరిగి వచ్చారు. ఆ ఏడో నెల అమ్మాయే బిడ్డను చంకనేసుకుని వచ్చి, నా వైపు చూడనైనా చూడకుండా అవ్వ ముందు చెయ్యి చాచింది. తల్లి ఏమీ అనలేదు. అవ్వ ఎప్పటిలాగే నవ్వేది, వేళకు తినేది. ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది.

అవ్వ పదహారో నాటి కర్మ అయిన మర్నాడు నేను సరిగ్గా తొమ్మిదికి ఆఫీసులో ఉన్నాను. మెయిళ్ళకు జవాబులు రాశాను. కామా సార్ ఏదో కామా గురించి జోక్ వేస్తే నవ్వాను. మధ్యాహ్నం డబ్బా తెరిచి సాంబారన్నం ఆఖరి మెతుకు దాకా తిన్నాను. ఎందుకంటే తినకపోతే చుట్టూ చేరతారు. ఎదురుగా కూచున్న ‘నైస్’ ఆవిడ నా డబ్బా చూసి, “పరవాలేదు, తొందరగా తేరుకున్నావు. నీకంత బాధ లేనట్టుందే” అంది. మంచితనంతోనే అంది. అయినా నా నోరు అలవాటు ప్రకారం జవాబుకు లేచింది. డబ్బా మూసి కుళాయి దగ్గరికి పోయాను. ఆ మాటను అంతకు ముందే ఎక్కడో విన్నాను. కాఫీ చిన్నవ్వ నోట విన్నాను, ఆమె మీద నాలుగేళ్ళు పగబట్టాను. రెండోసారి విన్నది అంగట్లో, అద్దాల పెట్టెల ముందు, నా గొంతుతోనే.

నాకు జరిగిన అవమానాల లెక్క నా దగ్గర పక్కాగా ఉంది. నేను చేసింది అందులో లేదు. అవ్వ కూడా ఎక్కడా రాసుకోలేదు. అదీ నిజమేలే అనేసి అద్దాలు తుడుచుకుంది. ఇన్నేళ్ళుగా నేను క్షమించని వాళ్ళంతా నా కంటికి కాస్త చిన్నగా కనిపించడం ఆ మధ్యాహ్నం నుంచే. (క్షమించానని కాదు. చిన్నగా కనిపిస్తున్నారు, అంతే.)

ఆ నిఘంటువు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఉంది. ఎక్కడెక్కడి పిల్లలో అందులో చూసి నేర్చుకుంటున్నారు, బెరెఫ్ట్ అంటే చాలా తేలికపాటి బాధ, కింది నుంచి రెండో మెట్టు అని. నేను ఊరుకునే మనిషిని కాదు కదా. ఏడాదికి రెండుసార్లు ఆ నిఘంటువు పెట్టిన విదేశీ కంపెనీకి ఫిర్యాదు రాస్తాను. ఆ మాట స్థానం తప్పు, దాన్ని అన్నిటికంటే పైకి మార్చండి అని, కారణాలతో సహా. మొదట్లో యంత్రం జవాబిచ్చేది. పోయిన నెల మాత్రం ఎవరో మనిషే రాసినట్టుంది. నా అభిప్రాయానికి ధన్యవాదాలని, అయితే ఈ మెట్లు పేర్చినవారు చాలా ఆలోచించి పేర్చారని, వారి నిర్ణయాన్ని మార్చదలచుకోలేదని. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఆ పేర్చినావిడను నేను ఎరుగుదును. ఇరవై రెండేళ్ళ పిల్ల, మహా మొండిది. పక్కనే కూచుని చెప్పినామె మాటే వినలేదు, ఇంత దూరం నుంచి నేను రాస్తే వింటుందా. అయినా వేళకి మళ్ళీ రాస్తాను.